దెబ్బ తిన్న తలయే తీర్పరియా?

గడచిన శీతకాలమున మన సిద్దిపేట ప్రాంతపు పాఠశాలల కబడ్డీ పందెములలో నేను స్వచ్ఛంద సేవకుడనై లెక్కల బల్ల యొద్ద కూర్చుండి యుంటిని. కూతకు పోయిన బాలుడొకడు తిరిగి గీత చేరబోవుచుండగా, పట్టవచ్చిన వాని మోకాలు వీని కణతకు బలముగా తగిలెను. రెండు నిమిషములు నేలబడి యుండి, లేచి, తన జట్టు ఏ వైపున నున్నదని అడిగెను. జనము నవ్విరి. ఎవరో బిందెడు నీరు తలపై గ్రుమ్మరించిరి. వాడు తల విదిలించుకొని మరల కూతకు పోగా మైదానమంతయు చప్పట్లతో మారుమ్రోగెను. ఆ చప్పట్లలో నావియు నుండెను.

ఆ రాత్రి వానికి వాంతులైనవి. మరునాడు హైదరాబాదునకు కొనిపోయిరి. స్కాను తీసి, రక్తము గడ్డకట్టలేదు, ఎముక చిట్లలేదు అని చెప్పి పంపిరి. అయినను రెండు మాసములు వాడు వెలుతురు చూడలేక, పుస్తకము పట్టలేక, చీకటి గదిలో కూర్చుండెను. పదవ తరగతి చదువు చెడినది. ఇప్పుడు కోలుకొన్నాడు. వాని తండ్రి కచ్చేరికి వచ్చి నన్నడిగిన దొక్కటే: “వకీలు సాబ్, స్కానుల ఏం లేదన్నరు గద, మరి పోరనికి ఏమైనట్టు?”

ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకుచు పోగా నాకు తారసిల్లినది అమెరికా దేశపు డాక్టరు రాబర్టు కాంటూగారి చరిత్ర. ఆయన మెదడు శస్త్రవైద్యులు. మసాచుసెట్సు రాష్ట్రమున కాంకర్డు అను చిన్న పట్టణములోని ఎమర్సను ఆసుపత్రిలో పనిచేసిన వారు. కపాలము తెరచి కంతులు తీయు విద్య నేర్చిన వైద్యుడు, స్కానులో కానరాని గాయమునకై తన జీవితములో అధికభాగము వెచ్చించుట వింతగా తోచవచ్చును. ఆ వింతయే ఇచట మనకు కావలసినది.

మెదడు కపాలములో నీటియందు తేలుచుండు మెత్తని పదార్థము. తలకు గాని, ఒక్కొక్కప్పుడు ఒడలికి గాని, గట్టి దెబ్బ తగిలినప్పుడు కపాలము ఆగును, మెదడు ఆగదు. అది కదలి, మెలితిరుగును. అందలి సన్నని నరపు తంతువులు సాగి, వాని పని తాత్కాలికముగా తప్పును. దీనినే వైద్యులు కంకషను అందురు. ఇది ఆకారము చెడుట కాదు, వ్యాపారము చెడుట. అందుచేతనే స్కాను సాధారణముగా నిర్దోషముగా కనబడును. స్పృహ తప్పుట దీనికి ముఖ్య లక్షణమని మనవారి నమ్మకము. పదింట తొమ్మిది సందర్భములలో స్పృహ తప్పనే తప్పదు. తలనొప్పి, తబ్బిబ్బు, మతిమరపు, వాంతి, వెలుతురు గిట్టకపోవుట – ఇవియే దాని గుర్తులు. శిరస్త్రాణము కపాలము పగులకుండ కాపాడును గాని, లోపలి మెదడు కదలకుండ ఆపజాలదు.

1986లో కాంటూగారు ఈ గాయమును మూడు తరగతులుగ విభజించి, ఏ తరగతివాడు ఎన్ని దినములకు మరల ఆటకు పోవచ్చునో నియమములు ప్రకటించిరి. అంతవరకు శిక్షకుడు రెండు మూడు వ్రేళ్లు చూపి, ఎన్ని యని అడిగి, సరిగా చెప్పినచో లోనికి తోలుటయే పరీక్ష. కాంటూగారి నియమములు కూడ శాశ్వతముగా నిలువలేదు. స్పృహ తప్పిన కాలముకంటె ఆ తరువాతి లక్షణములే ముఖ్యములని తెలిసికొని, 2001లో తమ విభజనను తామే సవరించుకొనిరి. తన తీర్పును తాను పునర్విచారణ చేసికొను న్యాయాధిపతులు మా వృత్తిలో అరుదు. వైద్యమునందును అంత విస్తారముగా లేరని విందును.

2003లో వారి యొద్దకు క్రిస్ నొవిన్‌స్కీ అను యువకుడు వచ్చెను. హార్వర్డు విద్యాలయమున ఫుట్‌బాలు ఆడి, పిమ్మట మల్లయుద్ధ ప్రదర్శనలలో చేరినవాడు. తలపై తన్ను తగిలిన పిదప నెలల తరబడి తలనొప్పి వీడలేదు. ఇంతకు ముందు ఎన్ని కంకషనులైనవని డాక్టరుగారడుగగా లేదనెను. ఆ మాటకు అర్థమేమో విప్పి చెప్పిన పిదప, పలుమారులు అయినవని వానికే తోచినది. 2007లో వీరిరువురును కలసి ఈ గాయముల పరిశోధనకై ఒక సంస్థను స్థాపించిరి. మరుసటి యేట బోస్టను విశ్వవిద్యాలయమున పరిశోధనా కేంద్రమును వెలసినది. చనిపోయిన క్రీడాకారుల మెదడులు దానముగా స్వీకరించి అచట పరీక్షింతురు. వృత్తి ఫుట్‌బాలు ఆడినవారి మెదడులు 111 చూడగా 110లో దీర్ఘకాలిక క్షయ లక్షణములు కానవచ్చినవని 2017లో ప్రకటించిరి. అనుమానము కలిగిన కుటుంబములే దానము చేయుదురు గనుక దీనిని బట్టి ఆటగాండ్రందరికి లెక్క కట్టరాదు. ఆ మాట పరిశోధకులే చెప్పిరి.

ఈ లోపల అమెరికా ఫుట్‌బాలు వ్యాపార సంఘమేమి చేయుచుండెను? 1994లో ఒక సంఘమును నియమించి, దానికి కీళ్ల వైద్యు నొకని అధ్యక్షుని చేసెను! ఆ సంఘము ఆటగాండ్రకు చిరకాల నష్టము లేదని వ్యాసములు ప్రకటించుచుండగా, అదే పత్రికలో క్రీడా విభాగ సంపాదకులైన కాంటూగారు వానిని నిరసించిరి. తుదకు వేలకొలది ఆటగాండ్రు వ్యాజ్యము వేయగా, 2013లో 76 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరి, ఆ పరిమితియు తరువాత తొలగింపబడి, 2015లో న్యాయస్థానము ఆమోదించినది.

ఇక నా వృత్తి ధర్మముగ ఒక మాట. తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి కారాదని మేము మొదటి సంవత్సరముననే నేర్తుము. ఆట మైదానమున మనము చేయుచున్నదేమి? “బాగున్నావా?” అని పడినవానిని అడుగుచున్నాము. ఉత్తర మీయవలసిన అవయవమే గాయపడినది! అది చెప్పు సాక్ష్యము ఏ కచ్చేరిలో చెల్లును? 2019 ఆగస్టులో లార్డ్సు మైదానమున ఆస్ట్రేలియా వీరుడు స్టీవ్ స్మిత్‌నకు ఆర్చరు బంతి మెడపై తగిలెను. వైద్యులు పరీక్షించి తిరిగి ఆడనిచ్చిరి. 92 పరుగులు చేసెను. మరునాటి ఉదయమున లక్షణములు బయటపడినవి. టెస్టు చరిత్రలో కంకషను కారణముగ మారుమనిషి బ్యాటు పట్టుట అదియే మొదలు. వైద్యులు ప్రక్కన నున్నచోటనే ఇట్లయినచో, మన బిందెడు నీటి వైద్యమున కేమి చెప్పవలెను? మొదటి దెబ్బ మానక మునుపే రెండవది తగిలిన చిన్నవారిలో, అరుదుగనే యైనను, మెదడు ఉబ్బి నిమిషములలో ప్రాణము పోవుట కలదు. కాంటూగారు పదేపదే హెచ్చరించిన దిదియే.

మనకు వీరగాథ లనిన ప్రీతి. తెలుగువారి బిడ్డ, 1932లో భారతదేశపు మొదటి టెస్టు నాయకుడు, సి. కె. నాయుడుగారు ఏబదియారవ యేట రంజీ పందెములో ఫడ్కరు బంతికి పండ్లు రాలినను వానిని ప్రక్కకు నెట్టి ఆడిరని చెప్పుకొని పొంగిపోవుదుము. నేనును పొంగినవాడనే. పన్ను పోయినచో కట్టించుకొనవచ్చును. 1962లో బార్బడోసు ద్వీపమున గ్రిఫిత్తు బంతి తలకు తగిలిన నారీ కాంట్రాక్టరు శస్త్రచికిత్సలతో బ్రదికెను గాని మరల టెస్టు ఆడలేదు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో రమణ్ లాంబా శిరస్త్రాణము లేకయే దగ్గరగా నిలిచి, బంతి తగిలిన పిదప లేచి నడచి లోనికి పోయెను. మూడు దినములకు మరణించెను. లేచి నడచుటయే క్షేమమునకు గుర్తని తలచువారు ఈ యొక్క సంగతిని జ్ఞాపకముంచుకొన వలయును.

శాసనము చేయవచ్చునా యని కొందరు మిత్రులు సందేహించిరి. చేసినవారున్నారు. 2006లో వాషింగ్‌టను రాష్ట్రమున జాకరీ లిస్టెడ్టు అను పదుమూడేండ్ల బాలుడు తలకు దెబ్బ తగిలిన పిదప ఆటలోనికి తిరిగి పంపబడి, చావు తప్పి బయటపడినను జీవితాంతము వికలుడయ్యెను. 2009లో అతని పేర శాసనమైనది. అనుమానము కలిగినంతనే బాలుని బయటకు తీయవలెను. శిక్షణ గల వైద్యుని వ్రాతపూర్వక అనుమతి లేక లోనికి పంపరాదు. తల్లిదండ్రులు ఏటేట సంగతి చదివి సంతకము చేయవలెను. 2014 నాటికి ఏబది రాష్ట్రములును అట్టి శాసనములు చేసికొన్నవి.

మన యొద్ద చిక్కు వేరొకటి కలదు. పేద బాలునకు ఆట వినోదము మాత్రము కాదు. జిల్లా పత్రము, రాష్ట్ర పత్రము, క్రీడా కోటా, దాని వెనుక ఉద్యోగము. అట్టివాడు తల తిరుగుచున్నదని నోట ననునా? దాచును. వాని దోషము కాదది. కావుననే నిర్ణయము వాని చేతిలో గాని, గెలుపు కోరు శిక్షకుని చేతిలో గాని ఉండరాదు. నియమము దుర్వినియోగ మగునందురు. 2020లో కాన్‌బెర్రాలో జడేజాకు బదులు వచ్చిన చహలు మూడు వికెట్లు తీయగా ఆస్ట్రేలియావారు గొణగిరి గదా. గొణగనిండు. వైద్యునికై సొమ్ము లేదందురు. బయట కూర్చుండబెట్టుటకు సొమ్మేల? ఆటలకు భయపెట్టుచున్నానని మరికొందరందురు. కాంటూగారు ఆటలకు శత్రువులు కారు. పదునాలుగేండ్లకు లోబడినవారు పైబడి కూల్చు ఫుట్‌బాలు ఆడరాదని మాత్రమే 2012లో వ్రాసిరి.

నేను కోరునది స్వల్పము. తలకు దెబ్బ తగిలినవాడు ఆ దినమున మరల ఆడరాదు. వానిని ఒంటరిగ ఇంటికి పంపరాదు. ఒకటి రెండు దినముల విశ్రాంతి, పిదప చదువు, ఆ పిదప మెట్టు మెట్టుగ పరుగు, తుదిని పట్టు. వాంతి, పెరుగు తలనొప్పి, మగత కనబడినచో ఆలసింపక దవాఖానాకు. ఈ నాలుగు మాటలు ప్రతి పాఠశాల వ్యాయామోపాధ్యాయుని గోడపై నుండవలెను. జిల్లా విద్యాధికారులు ఒక ఆజ్ఞాపత్రముతో చేయదగిన పని. మన పట్టణమున 2018 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల యున్నది. అచటి విద్యార్థులు పందెముల దినములలో ఇరువురు చొప్పున వచ్చి గీత ప్రక్కన కూర్చుండిన చాలును.

రాబోవు పందెముల జట్ల పట్టికలు సిద్ధమగుచున్నవి. ఆ బాలుని పేరు మరల అందున్నది. వాని తండ్రియే వచ్చి చెప్పెను. లెక్కల బల్ల యొద్ద ఈ సారియు నన్నే కూర్చుండు మన్నారు. లెక్కల పుస్తకములో ప్రతి ఆటకు “తల దెబ్బ – బయటకు పంపిన వేళ” అని ఒక గడి గీయించితిని.