చిల్లరలో టంకశాల పొరపాట్లు

కిరాణా కొట్టులో తిరిగి ఇచ్చిన చిల్లరను లెక్కపెట్టుకుంటామే గాని, ఒక్కొక్క నాణేన్ని పరిశీలించి చూసేవారు అరుదు. కోట్ల సంఖ్యలో నాణేలు తయారయ్యే టంకశాలలోనూ అప్పుడప్పుడు పొరపాట్లు జరుగుతాయి. తనిఖీని దాటి బయటికి వచ్చిన అలాంటి నాణేలను సేకరణకర్తలు ముఖవిలువకు మించి చెల్లించి కొంటారు. అయితే టంకశాలలో జరిగిన లోపమేదో, బయట తగిలిన దెబ్బ ఏదో తెలియనివారు మోసపోతారు. తెలియకుండానే ఇతరులను మోసగించే ప్రమాదమూ ఉంది.

మొదట, సంవత్సరం కింద ఉన్న గుర్తును చూడండి. సాధారణంగా నక్షత్రం హైదరాబాదుకు, వజ్రాకారం ముంబైకి, చుక్క నోయిడాకు చిహ్నాలు. కోల్‌కతా నాణేలకు గుర్తు ఉండదు. కనుక గుర్తు లేకపోవడం లోపం కాదు.

గుండ్రని లోహపు బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి బలంగా నొక్కితే నాణెం తయారవుతుంది. అసలైన లోపాలు ఈ క్రమంలోనే పుడతాయి.

బిళ్ళ సరిగా కూర్చోకపోతే ముద్ర పక్కకు జరిగి, ఒకవైపు నెలవంక ఆకారంలో ఖాళీ మిగులుతుంది.

అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం చొచ్చుకుపోయి, నాణెంపై ఉబ్బెత్తు గీత ఏర్పడుతుంది. గోటితో తడిమి చూడండి: ఉబ్బి ఉంటే అచ్చు పగులు, లోతుగా ఉంటే కేవలం గీరుడు.

బొమ్మను నిటారుగా పట్టుకొని, పుస్తకంలో పుట తిప్పినట్లు నాణేన్ని తిప్పండి. వెనుక ముద్ర బాగా ఒరిగి గాని తలకిందులుగా గాని కనబడితే అచ్చు తిరిగిందన్నమాట.

ముందటి నాణెం అచ్చుకే అంటుకుపోతే, తరువాతి బిళ్ళకు ఒకవైపు మామూలు ముద్ర, రెండోవైపు అదే ముద్ర అద్దంలో వలె తిరగబడి లోతుగా పడుతుంది. దీనిని సేకరణకర్తలు ‘లఖీ’ అంటారు.

సుత్తితో కొట్టి, ఆకురాయితో అరగదీసి ఇలాంటి లోపాలను సృష్టించేవారూ ఉన్నారు. ఒకవైపు దెబ్బ ఉండి, దానికి ఎదురుగా రెండోవైపు ముద్ర నలిగిపోయి ఉంటే అనుమానించవలసిందే. నిజమైన లోపం ఉన్న నాణెం దొరికితే చింతపండుతో తోమకండి. సహజమైన రంగు పోతే విలువా తగ్గుతుంది.

పది రూపాయల నాణెం రూపం వేరుగా ఉన్నదని తిరస్కరించడమూ తగదు. అప్పటివరకు విడుదలైన 14 రూపాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో స్పష్టం చేసింది. పాత నాణేలు కొంటామంటూ తన పేరుతో రుసుము, పన్ను వసూలు చేసే మోసగాళ్ళ గురించి 2021 ఆగస్టులో హెచ్చరించింది కూడా. లక్షలు ఇస్తామని చెప్పి, ముందుగా మీ నుండే డబ్బు అడిగేవాడు కొనుగోలుదారు కాడు.

మీరు అమ్మవలసి వస్తే, తెలిసినది తెలిసినట్లు చెప్పండి. సరుకులోని లోపాన్ని దాచి అమ్మరాదన్నది మన వ్యాపార నీతి. గీరుడును అచ్చు పగులని చెప్పి అమ్మడమూ ఆ కోవలోనిదే. ఇంట్లో పిల్లలకు నాణేలు చూపించేటప్పుడు ధర కన్నా ముందు ఈ తేడాను నేర్పండి.