రక్తము గడ్డకట్టని వ్యాధి

బిడ్డకు గాయమై నెత్తురు కట్టకున్నచో కోడలి పుట్టింటిని దూషించువారిని మేమెఱుగుదుము. హీమోఫిలియా తఱచుగా తల్లివలన సంక్రమించుట నిజమే; అది యామె నేరమెట్లగును? ఆమెకుగల రెండు ఎక్స్ క్రోమోజోములలో నొకటి చెడినను రెండవది యామెను చాలవఱకు కాపాడును. కొడుకునకు ఎక్స్ ఒక్కటియే. అదియు తల్లి యిచ్చునదే. కావున వాహకురాలి ప్రతి కొడుకునకును వ్యాధి వచ్చుటకు, ప్రతి కూతురును వాహకురాలగుటకు సగము సగముగా నవకాశము. పెద్దవానికి వచ్చెను గనుక చిన్నవానికి రాదనుకొనరాదు. ప్రతి కాన్పునకును లెక్క క్రొత్తదే.

విక్టోరియా రాణి నలుగురు కొడుకులలో లియోపోల్డు మాత్రమే వ్యాధిగ్రస్తుడు. 1884లో, 30 ఏండ్లకే, జాఱిపడి మరణించెను. కూతుండ్రలో ఆలిస్, బియాట్రిస్ వాహకులు. 1904లో పుట్టిన రష్యా యువరాజు అలెక్సీ యా ఆలిస్ దౌహిత్రుడే.

వ్యాధిగల తండ్రినుండి కొడుకులకు రాదు, కూతుండ్రందఱును వాహకులగుదురు. ఇక మన మేనరికముల మాట. వ్యాధిగల మేనమామకు అక్కకూతురు నిచ్చినచో, ఆ పిల్లయు వాహకురాలైన పక్షమున, పుట్టు ఆడబిడ్డలకును వ్యాధి రావచ్చును. మేనమామ జాతకము చూచువారు అతని నెత్తురు మాట యడుగరేమి? వాహకత్వమును నేడు జన్యుపరీక్షచే, కొంచెము రక్తముతోనే, తెలిసికొనవచ్చును.