విమానం ఎక్కే ముందు వార్డులోకి



వైద్య పరికరాల ప్రదర్శన చూసి రమ్మని ఆసుపత్రులు తమ సిబ్బందిని విదేశాలకు పంపడం కొత్త సంగతి కాదు. జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్ నగరంలో ప్రతి నవంబరులో జరిగే మెడికా ఇటువంటి వాటిలో చాలా పెద్దది. ఐదు వేలకు పైగా సంస్థలు అక్కడ తమ పరికరాలను ప్రదర్శిస్తాయి. ఈ మాట వినగానే సంఘ కుటుంబాల్లో ఒక ప్రశ్న పుడుతుంది: "బిల్లు కట్టలేక అవస్థపడే రోగులుండగా విమానం టిక్కెట్లకు డబ్బు దేనికి?" ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి మా అభిప్రాయం చెప్పదలచాము.

ఇటువంటి ప్రయాణం వల్ల రోగికి మేలు జరుగుతుంది. అయితే వెళ్లినవారు రోగిని మనసులో పెట్టుకొని వెళ్తేనే. రెండు సంగతులు చూడండి.

1878లో పారిస్ నగరంలో స్టెఫాన్ టార్నియే అనే కాన్పుల వైద్యుడు జంతు ప్రదర్శనశాలకు వెళ్లారు. అక్కడ కోడిగుడ్లను పొదిగే వెచ్చని పెట్టె కనిపించింది. దాన్ని చూసినవారు ఎందరో ఉంటారు. ఆయనకు మాత్రం నెలలు నిండకుండా పుట్టి, ఒంట్లో వెచ్చదనం నిలవక చనిపోతున్న పసికందులు గుర్తుకొచ్చారు. ఆ పెట్టె చేసిన మనిషితోనే పిల్లలకు సరిపడే పెట్టె చేయించారు. ఆయన ఆసుపత్రిలో రెండు కిలోలలోపు బరువున్న పిల్లల మరణాలు నూటికి 66 నుండి 38కి తగ్గాయి.

రెండవది మన పక్కనే జరిగింది. మధురానగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారితే, తరువాతి స్టేషను పంజాగుట్ట. అక్కడి నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు హైదరాబాదులోని క్షిపణుల ప్రయోగశాల చూడటానికి వెళ్లారు. 1989లో తొలిసారి పరీక్షించిన అగ్ని క్షిపణి కోసం తయారైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయారు. అంతటితో ఊరుకోలేదు. శాస్త్రవేత్త ఏ.పి.జె. అబ్దుల్ కలాం గారిని తన వార్డుకు తీసుకువెళ్లి, మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లతో కాళ్లీడ్చుకుంటున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆ పిల్లలు సులువుగా నడవడం చూసి తల్లిదండ్రులు కంటతడి పెట్టుకున్నారని కలాం గారు తరువాత ఎన్నో సభల్లో చెప్పారు.

ఈ ఇద్దరు వైద్యులూ వస్తువును చూడకముందే రోగి బాధను చూసి ఉన్నారు. అందుకే చూసినది పనికొచ్చింది. వార్డు తెలియనివారు ఎంత పెద్ద ప్రదర్శనకు వెళ్లినా రంగురంగుల కాగితాలతోనే తిరిగి వస్తారు. లేదా ఖరీదైన యంత్రం కొని, విడిభాగం దొరకక దానిమీద గుడ్డ కప్పి ఉంచుతారు. దాని ఖర్చు చివరికి రోగి బిల్లులోనే చేరుతుంది.

కాబట్టి బృందాన్ని పంపే ఏ ఆసుపత్రికైనా మా మనవి ఇది. డాక్టర్లతో పాటు రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సును, యంత్రాలు బాగుచేసే ఒక టెక్నీషియన్‌ను కూడా పంపండి. వెళ్లేముందు ఒక వారం వార్డుల్లో తిరిగి, రోగులు పడే ఇబ్బందులను రాసుకోండి. అక్కడ ప్రతి యంత్రం దగ్గరా అడగండి: మన కరెంటుకు ఇది ఆగుతుందా? హైదరాబాదులో బాగుచేసేవారు ఉన్నారా? ఒక్కొక్క పరీక్షకు రోగి ఎంత కట్టాలి? ఏమీ కొనకుండా ఒక మంచి ఆలోచనతో తిరిగి వచ్చినా ఆ ప్రయాణం వృథా కాదు. వచ్చాక, చూసినదేమిటో, అయిన ఖర్చెంతో కానుకలిచ్చిన కుటుంబాలకు చెప్పండి.

పాఠకులారా, ఇందులో మీ పని కూడా ఉంది. మంచం ఎత్తు వల్ల గానీ, చక్రాల కుర్చీ వల్ల గానీ, సెలైన్ స్టాండు వల్ల గానీ మీరు పడిన ఇబ్బందిని నర్సుతో చెప్పండి. చెప్పడానికి మొహమాటపడకండి. దేశం దాటి వెళ్లేవారికి దారి చూపేది ఆ మాటే.