చౌడుమాగాణిలో మినుము: వేరునంటిన శిలీంధ్రము

కృష్ణా, గోదావరి డెల్టాలలో సార్వా వరి కోతకు వచ్చువేళకు, ఇంకను బురదపదును వీడని మాగాణిలో, నిలిచియున్న పైరులోనే రైతు మినుములు చల్లును. పిదప దుక్కి లేదు, ఎరువు లేదు, చాలచోట్ల ఒక్క తడియైనను లేదు. నేల దాచుకొన్న తేమయు, రాత్రివేళ కురియు మంచును ఆధారముగా ఆ పైరు బ్రతికి కాయవలయును. తీరమునకు చేరువనున్న పొలములలో పైపదును ఆరినకొలది, అడుగుననున్న ఉప్పునీరు మట్టిసందుల వెంట పైకెగబ్రాకి, నీరు ఆవిరియైపోగా లవణము మాత్రము వేళ్లచెంతనే నిలిచిపోవును. పూతపిందెలకు నీటి యవసరము హెచ్చు సమయమునకే ఉప్పు కూడ హెచ్చును. ఇట్టి నేలలో మినుము వేరునకు ఒక సూక్ష్మ శిలీంధ్రము చేయగల సాయమెంతయో, చేయలేనిది ఎంతయో వ్యవసాయ విధానకర్తలు తెలిసికొనుట అత్యావశ్యకము.

లవణము పైరును రెండు విధముల పీడించును. మట్టినీటిలో అది సాంద్రమైనకొలది, తడి కంటికి కనబడుచున్నను వేరు దానిని పీల్చుకొనజాలదు. పీల్చిన కొద్దిపాటి నీటితో వచ్చిన సోడియము పొటాషియము స్థానము నాక్రమించి కణములలోని ఎంజైముల పనిని చెరచును. పప్పుజాతి పైర్లకు మూడవ యాపద కూడ కలదు. వాటి వేరుబుడిపెలలో రైజోబియము బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరపరచును గదా. ఆకు ఇంకను పచ్చగానే యుండగా ఆ బుడిపెల పని మందగించును. ఒక నత్రజని అణువును అమ్మోనియాగా మార్చుటకు కనీసము 16 ఏటీపీ అణువుల శక్తి వ్యయమగును. ఆ ఏటీపీకి భాస్వరము మూలద్రవ్యము. చౌడునేలలోనో భాస్వరము వేరునకు సులభముగ దొరకదు. శిలీంధ్రము యొక్క ప్రధానసాయము ఈ లోపమును తీర్చుటయందే యున్నది.

వేరును శిలీంధ్రమును కలిసి సాగించు ఈ సహజీవనమునకు 1885లో జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ మైకోరైజా యని పేరిడెను. ఆయన పరిశీలించినవి అడవిచెట్ల వేళ్లు. పప్పుజాతి పైర్లలోనిది కణములలోనికి చొచ్చి శాఖోపశాఖలుగా చీలు వేరొక తెగ, మన వ్యవసాయాధికారులు వామ్ అని వ్యవహరించునది ఇదియే. స్కాట్లండులోని రైనీ వద్ద 40 కోట్ల యేండ్లనాటి శిలలలో దీని యాకృతులు భద్రముగ నున్నవి. పప్పుజాతి మొక్క రైజోబియమును లోనికి రానిచ్చు సంకేతమార్గము చాలవరకు ఈ ప్రాచీన శిలీంధ్రమునకై ఏర్పడినదే. బుడిపెలు కట్టని బఠాణీ మొక్కలు కొన్ని శిలీంధ్రమును కూడ తిరస్కరించునని 1989లో తేలెను. ఈ బంధము నాకు మిక్కిలి ఆశ్చర్యము గొల్పును, ఏలయన ఒక అతిథిని పోషించుటకు అంతకన్న పాతయైన మరియొక అతిథి భాస్వరము తెచ్చి యిచ్చుచున్నది! వేరుకేశములు చొరలేని సందులలోనికి దూరు దాని తంతువులు, వేరు చుట్టు భాస్వరము తరిగిన మేరను దాటిపోయి దానిని తెచ్చును. మారుగా మొక్క తాను సృజించిన ఆహారములో నూటికి 4 నుండి 20 పాళ్లు దానికి సమర్పించును. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయమున కందిపై జరిగిన కుండీ ప్రయోగములలో, ఈ శిలీంధ్రము సోకిన మొక్కలు ఉప్పునందును సోడియమును తక్కువగా పోగుచేసికొని, బుడిపెలను మెరుగుగా నిలుపుకొన్నవి.

అయినను కుండీ వేరు, పొలము వేరు. శిలీంధ్రము నేలనుండి ఉప్పును తొలగింపదు. ఉప్పు మితిమీరినచో దాని బీజములే సరిగా మొలవవు. పాలచౌడునకు మురుగుపారుదల, కారుచౌడునకు జిప్సము ఎన్నటికిని తప్పవు. అంతకన్న మించిన చిక్కు డెల్టాకే ప్రత్యేకము: నెలలతరబడి నీరు నిలిచిన వరిమడిలో ప్రాణవాయువు కొరవడి ఈ శిలీంధ్రము క్షీణించును, కనుక తోడు మిక్కిలి కావలసిన మినుమునకే అది అల్పముగ దొరకును. వరికి అవసరమునకు మించి వేసిన డీఏపీ కూడ దానిని వేరునకు దూరము చేయును.

బయటినుండి తెచ్చి వేయుదమన్నను, ఈ శిలీంధ్రము జీవించియున్న వేరుపై గాని వృద్ధి చెందదు. అందుచేత దానిని మొక్కజొన్న, జొన్నవంటి పైర్ల వేళ్లపై పెంచి ఆ మట్టిని, వేళ్లముక్కలను కలిపి అమ్ముదురు. విత్తనము క్రిందుగా సాలులో వేయవలసిన ఆ పొడి, దుక్కి సాలు లేని వెదమినుమునకు ఎట్లు అందును? విత్తనమునకే పట్టించు తయారీలు కావలయును. వానిని కుండీలలో గాక, తీరమండలములలోని రైతుల మాగాణులలోనే, ఉప్పు హెచ్చిన సంవత్సరములందును తగ్గిన సంవత్సరములందును వరుసగా పరీక్షింపవలయును. విత్తనశుద్ధికై వాడు కార్బెండజిమ్ ఈ శిలీంధ్రమునకును హానికరమగుటచే, ఒకే విత్తనమునకు రెంటిని పట్టించుమని సలహా యిచ్చుట రైతు సొమ్మును వృథా చేయించుటయే యగును. వామ్ పొట్లములోని బీజములు అమ్మునాటికి సజీవముగా నున్నవో లేవో దుకాణములనుండి నమూనాలు తీసి తరచుగా పరీక్షించు బాధ్యతను వ్యవసాయశాఖ స్వీకరింపవలయును.