కుంకుమపువ్వా, వెన్నెముకయా?

పెండ్లి సామాను కొనుటకు బేగం బజారునకు పోవు తెలుగు కుటుంబములు పెక్కు. ఇత్తడి బిందెలు, స్టీలు పాత్రలు, ఎండుఫలములు టోకు ధరలకు దొరకు నా బజారున కుంకుమపువ్వును దొరకును. కోడలు నెల తప్పినదని తెలియగనే అత్తగారు దానిని తెప్పించును. పాలలో కలిపి త్రాగించినచో బిడ్డ తెల్లగా పుట్టునట! శిశువు మేనిచాయ తల్లిదండ్రుల బీజములనుబట్టి యేర్పడునే కాని, పాలలో వేసిన పువ్వునుబట్టి కాదు. గ్రామునకు వందల రూపాయలు పోసి మనము కొనుచున్నది భ్రమ.

ధననష్టముకంటె పెద్ద నష్టము వేఱొకటి కలదు. గర్భము నిలిచిన 28 దినములలోపలనే శిశువు మెదడునకును వెన్నుపామునకును మూలమైన నాళము మూసికొనును. అప్పటికి నెలసరి తప్పి రెండు వారములు మాత్రమే. పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమన్న నిశ్చయమే కలుగదు. ఆ నాళము సరిగా మూసికొననిచో బిడ్డ చీలిన వెన్నెముకతో, చచ్చుపడిన కాళ్లతో పుట్టవచ్చును. కపాల మేర్పడనిచో బ్రతుకనే బ్రతుకదు.

ఈ యాపదను చాలవఱకు తప్పించునది ఫోలిక్ ఆమ్లము. అట్టి బిడ్డను మునుపు కన్న తల్లులు గర్భధారణకు ముందునుండియే దానిని సేవింపగా, ఆ లోపము నూటికి 72 పాళ్లు తగ్గినదని 1991లో బ్రిటను వైద్యపరిశోధన మండలి ప్రకటించినది. అట్టివారికి వైద్యుడు హెచ్చు మోతాదు నిర్ణయించును. తక్కినవారికి సామాన్యముగా దినమునకు 400 మైక్రోగ్రాములు చాలును. నెల మునుపే ఆరంభించి మూడవ నెల నిండువఱకు సేవింపవలెను. వెల స్వల్పము.

ఈ మందు మనకు పరాయిది కాదు. బొంబాయి గర్భిణుల పాండురోగమును ఈస్టుసారము మాన్పునని 1931లో లూసీ విల్స్ ప్రకటించినది. అందలి ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాలకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువాని శ్రమఫలము తెలుగింటి కోడలికి వేళకు అందకపోవుటకంటె సిగ్గుచేటేమున్నది?

"మా అమ్మమ్మ పదిమందిని కన్నది, ఏ మాత్ర మింగినది?" అందురు. ఆ పదిమందిలో నెందఱు బ్రతికిరో చెప్పరు. "మూడవ నెల వచ్చువఱకు బయటపెట్టరాదు, దిష్టి తగులును" అందురు. పొరుగువారికి చెప్పకున్న మానుడు. వైద్యునికి చెప్పకుండుట యే నీతి? "మా ఆచారము" అందురు. షోడశ సంస్కారములలో గర్భాధానము మొదటిదిగదా! ఋతువు, క్షేత్రము, జలము, బీజము కూడినప్పుడు మొలక వచ్చునట్లే గర్భము కలుగునని సుశ్రుతుడు చెప్పెను. విత్తిన పిమ్మట దుక్కి దున్ను రైతు ఎక్కడనైన కలడా? మనము ముహూర్తమును నిలుపుకొని సంస్కారమును విడిచితిమి.

నెలనెలా "విశేషమేమైన ఉన్నదా?" అని కోడలిని నిలదీయువారు ఆమె రక్తము పలుచనైనదా యని యొక్కనాడైన అడిగిరా? మగవానిని అడుగు వారసలే లేరు. పొగాకును మద్యమును మానుట, థలసీమియా పరీక్ష చేయించుకొనుట అతనికిని విధియే.

కావున పెద్దలారా, పద్దులోనుండి కుంకుమపువ్వును కొట్టివేయుడు. బిడ్డను కోరు దంపతుల నిద్దఱను ముందుగనే వైద్యునియొద్దకు పంపుడు. పుట్టబోవు బిడ్డ తెల్లగా ఉండనక్కఱలేదు. లేచి నడచిన చాలును.