ఆకు మాడిందని చెట్టు కొట్టేస్తారా?

ఆగస్టు వచ్చిందంటే ఇక్కడ ఇంగ్లండులో ఏటా ఒకటే గోల, "హార్స్ చెస్ట్‌నట్ చెట్లు చచ్చిపోతున్నాయి" అని. మా వీధి చివర వరసగా ఉన్నవాటికి జూలైలోనే ఆకులు మచ్చలు పడ్డాయి, ఇప్పుడు పెనం మీద అట్టు మాడినట్టున్నాయి. కొట్టించెయ్యాలని సంతకాలు పోగుచేస్తున్నారు. నేను పెట్టనన్నాను.

ఈ చెట్టు చూడనివాళ్ళకి ఒక మాట. ఆకు ఇంచుమించు మన బూరుగాకులాగే, వేళ్ళు చాపిన అరచెయ్యిలా ఉంటుంది. మే నెలలో కొమ్మకొమ్మకీ దీపపు సెమ్మెలు నిలబెట్టినట్టు తెల్లటి పూలగుత్తులు. దగ్గరికెళ్ళి చూస్తే ప్రతి పువ్వులో ఒక పసుపు మచ్చ ఉంటుంది. ఆ పువ్వులో తేనె ఆగిపోయాక మచ్చ ఎరుపుకి తిరుగుతుంది. తేనెటీగలు ఎర్రబడినవాటిని వదిలేసి పసుపువాటి మీదే వాలతాయి. మనం కోడులో ఫ్లాగు పెట్టుకుంటామే, అచ్చం అదే :-)

ఇంతకీ ఆకులు మాడ్చేది ఒక బుల్లి పురుగు. 1980లలో మాసిడోనియాలోని ఓహ్రిడ్ సరస్సు దగ్గర బయటపడింది, యూరప్ అంతా పాకి 2002లో లండన్ వింబుల్డన్‌లో దిగింది. ఆకు పైపొరకీ కిందిపొరకీ మధ్య దూరి లోపలి పచ్చదనం తినేస్తుంది. చూడ్డానికి ఘోరమే. కానీ దానివల్ల చెట్టు చావదు. ఆ ఏటి ఎదుగుదల చాలావరకు వేసవి మొదట్లోనే అయిపోతుంది కాబట్టి, మళ్ళీ వసంతంలో మామూలుగా చిగురేసి పూస్తుంది. కాయలు కాస్త చిన్నవవుతాయి, అంతే.

మందు కూడా చవకే. పురుగు ప్యూపాగా చలికాలం గడిపేది రాలిన ఆకుల్లోనే. ఆకురాలు కాలంలో వాటిని ఊడ్చి తీసేస్తే మరుసటి ఏడు దాడి ఆలస్యంగా మొదలవుతుంది. సంతకాల కోసం గడప గడపకీ తిరిగే ఓపికలో సగం చీపురు మీద పెడితే చాలు కదా!

భయపడాల్సింది వేరే ఉంది. బెరడు పగిలి తుప్పురంగు జిగురు కారుతుంటే అది బాక్టీరియా తెగులు. మాను చుట్టూ పాకిందంటే చెట్టు పోతుంది, కొన్ని మాత్రం తట్టుకుని కోలుకుంటాయి. అలాంటివీ, మాను లోపల కుళ్ళినవీ ఉంటే తెలిసినవాళ్ళని పిలిచి చూపించాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ దాక్కున్న చోటునుంచి చూసిన చెట్టు ఇదే జాతి. 2007లో కొట్టేద్దామంటే కోర్టుకెళ్ళి ఆపారు, 2008లో ఉక్కు చట్రం కట్టారు, 2010 ఆగస్టు గాలివానకి చట్రంతో సహా కూలింది. మాను శిలీంధ్రం పట్టి కుళ్ళిపోయింది మరి. కాబట్టి ఏ చెట్టునీ ముట్టుకోవద్దని నేననను. చూడాల్సింది మానుని, ఆకుని కాదు అంటున్నా.

కొత్తగా వేసేవాళ్ళకైతే నా ఓటు హిమాలయాల హార్స్ చెస్ట్‌నట్‌కి. హిందీలో బంఖోర్ అంటారు. కాశ్మీరు నుంచి నేపాల్ దాకా పెరుగుతుంది. ఇక్కడ జూన్‌లో పూస్తుంది, ఆ పురుగు దాన్ని పెద్దగా ముట్టదు. పై బాక్టీరియాని మొదట గుర్తించింది మాత్రం ఇండియాలో ఈ చెట్టు ఆకుల మీదే, అదీ తమాషా.

ఏ రకమైనా ఇంటిగోడకి దూరంగా వెయ్యండి. మామూలు హార్స్ చెస్ట్‌నట్ 30 మీటర్ల దాకా పోతుంది, చిన్న పెరళ్ళకి పనికిరాదు. గింజ రాలిన వెంటనే నాటాలి. డ్రాయరులో దాచుకుంటే ఎండిపోయి మొలకెత్తదు. కుండీలో పాతి చలికాలమంతా బయటే ఉంచండి, ఉడతలు తవ్వకుండా పైన వల కప్పండి. మొదటి రెండు మూడు వేసవులు నీళ్ళు మానొద్దు. పూలకి మాత్రం పదేళ్ళకి పైనే ఆగాలి. హైదరాబాదులో వేస్తామంటారేమో, దానికి చలికాలం కావాలి, అక్కడ బూరుగే వేసుకోండి.

చెస్ట్‌నట్ అన్నారు కదా అని గింజలు వేయించుకు తినెయ్యకండి. తినేది వేరే చెట్టుది, ఇవి విషం. హిమాలయాల్లో కొన్నిచోట్ల ఈ గింజల్ని రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, చేదు పోగొట్టి పిండి చేసుకునేవారు. ఆ విద్య మీకూ నాకూ రాదు :-)