ఆకాశం కాదు, సెకన్లు చూడండి

వేసవి సెలవులొస్తే పిల్లలు అడిగేవి మారిపోయాయి. మన రోజుల్లో అమ్మమ్మగారి ఊరు. ఇప్పుడు కేరళలో వర్కల. అక్కడ చెక్క మీద నిలబడి అలల మీద జారడం, అదే సర్ఫింగ్, నేర్పుతారు. మా అమ్మాయి స్నేహితురాళ్ళతో వెళ్తానంది. "ఆడపిల్లకి సముద్రమేంటి?" అన్నారు అత్తయ్యగారు. "ఎండగానే ఉందిగా, వెళ్ళనీ" అన్నారు మావారు. నాకు రెండు మాటలూ నచ్చలేదు. రెండింట్లోనూ సముద్రం ఊసే లేదు మరి!

ఎండ కాస్తే సముద్రం నెమ్మదిగా ఉంటుందనుకోవడం నాంపల్లి వాళ్ళకి సహజమే. మనకి నీళ్ళంటే హుస్సేన్ సాగర్. కానీ ఆ ఒడ్డున తగిలే అల అక్కడి గాలికే పుట్టక్కర్లేదు. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో తుఫాను లేస్తే, ఆ అలలు వేల కిలోమీటర్లు నడిచి, దాదాపు వారానికి కేరళ చేరతాయి. పైన మబ్బు తునక ఉండదు, నీళ్ళు మాత్రం ఒక్కసారిగా ఎగబాకుతాయి. మలయాళీలు దీన్ని 'కళ్ళక్కడల్' అంటారు, దొంగలా వచ్చే కడలి అని. ఎంత చక్కని మాటో! 2012లో యునెస్కో కూడా ఆ పేరునే ఒప్పుకుంది. ఇది ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే. అంటే సరిగ్గా మన పిల్లల సెలవుల్లో.

2024 మేలో కన్యాకుమారి జిల్లాలో ఒక బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు ఇలాగే అలలకి కొట్టుకుపోయారు. సముద్రం పోటెత్తుతుందన్న హెచ్చరిక అప్పటికే వచ్చి ఉంది. ఆ హెచ్చరిక ఇచ్చింది ఎవరో తెలుసా? మన హైదరాబాదులోని ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని దేశం మొత్తానికి సముద్రం కబురు చెబుతారు వాళ్ళు. ఆ ఐదుగురి తల్లులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

అందుకే అంటాను, అనుమతి ఇచ్చే ముందు రెండు అంకెలు చూడండి. అల ఎత్తు ఒకటి. రెండోది ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య సెకన్లు. ఫోన్లో దాన్ని 'పీరియడ్' అంటారు, నవ్వకండి. మీటరున్నర అల ఆరు సెకన్లకోసారి వస్తే ఒక సంగతి. అదే ఎత్తు పద్నాలుగు సెకన్లకోసారి వస్తే దాని బలం రెట్టింపు పైనే. చూడ్డానికి బద్ధకంగా వస్తున్నట్టుంటుంది, ఒడ్డుకొచ్చాక లేచి విరుచుకుపడుతుంది. కొత్తగా నేర్చుకునే వాళ్ళకి అది పనికిరాదు. నీళ్ళు లోపలికి లాగేస్తుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదని, ముందు పక్కకి ఈదాలని కూడా పిల్లలకి చెప్పి పంపాలి.

ఇందులో ఆడపిల్ల, మగపిల్లాడు అన్న తేడా ఏముంది? మనం ఆడపిల్లని చూడకుండానే ఆపుతాం, మగపిల్లాణ్ణి చూడకుండానే పంపుతాం. కన్యాకుమారిలో పోయినవాళ్ళలో ఇద్దరూ ఉన్నారు.

మా అమ్మాయికి సరేనన్నాను. హెచ్చరిక ఉన్న రోజు మోకాలి లోతు కూడా దిగకూడదు, రోజూ పొద్దున్నే ఆ రెండు అంకెలూ నాకు పంపాలి. "అమ్మా, నువ్వే చూసి నాకు పంపరాదూ?" అంది. అదీ బాగానే ఉంది. అత్తయ్యగారు మాత్రం ఇంకా మాట్లాడటం లేదు.